అల్లరి చేయని పిల్లల కష్టం ఎలా పసిగడుతున్నారు?

కోసిగి_మాస్టారు:
మాది కర్నూలు పడమటి వైపు హైస్కూలు. సంక్రాంతి దాటిందంటే మిరప కోతలకని సగం ఊరు గుంటూరు దారి పడుతుంది. వెంట వెళ్లే పిల్లలు రిజిస్టరులో తెలిసిపోతారు, బడి పోకుండా సీజనల్ హాస్టళ్లు కూడా ఉన్నాయి. నా టెన్షనంతా ఇక్కడే ఉండిపోయిన వాళ్ల గురించి. అవ్వ దగ్గర వదిలేసి పోతారు, రోజూ బడికి వస్తారు, అందుకే ఏ లిస్టులోకీ ఎక్కరు. ఎనిమిదిలో ఒక పాప రోజూ సెకండ్ బెల్ తర్వాతే వస్తోంది, అడిగితే నవ్వి ఊరుకుంటుంది. ఆరా తీస్తే, మంచాన పడ్డ అవ్వకూ ఇద్దరు తమ్ముళ్లకూ వండి పెట్టి వస్తోందట.

పాలమూరు_టీచర్:
సెలవుల మర్నాడు మధ్యాహ్న భోజనం దగ్గర నిలబడి చూడండి సార్, అన్నం మళ్లీ మళ్లీ పెట్టించుకునేది ఎవరో తెలుస్తుంది. వంట చేసే అక్కను అడగండి, ఆమెకు మనకంటే ముందే తెలుస్తుంది. గుడ్డు తినకుండా జేబులో వేసుకునే పిల్లాడిని మాకు చూపించింది ఆమే, ఇంట్లో చెల్లికని దాస్తున్నాడు.

చాక్‌పీస్:
కళ్ల సంగతి మర్చిపోకండి. బోర్డు కనబడక పక్కవాడి నోట్సు చూసి రాసేవాడిని కాపీ కొడుతున్నాడని తిడతాం. బడి పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ఆర్‌బీఎస్‌కే టీం వచ్చిన రోజు వాడే ఆబ్సెంట్ అయితే ఇంక మళ్లీ ఏడాదికే.

విసిగిన_ఎస్‌జీటీ:
అన్నీ నిజమే కానీ యాప్‌లలో ఫొటోలు ఎక్కించడానికే పొద్దు చాలట్లేదు, పిల్లల ముఖాలు ఎప్పుడు చూడాలి?

పాలమూరు_టీచర్:
హాజరు పిలిచేటప్పుడు తల ఎత్తి చూస్తే చాలండి, దానికి యాప్ అక్కర్లేదు. పోయినేడు పదో తరగతి అమ్మాయి, బాగా చదివేది, గైడ్లన్నీ పక్క పిల్లకు ఇచ్చేసింది. పెళ్లి కుదిర్చేశారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాం, ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను చూసే శాఖ) వాళ్లు, పోలీసులు వచ్చి ఆపారు. ఆపాక ఆరు నెలలు ఆ ఇంటి చుట్టూ తిరగడమే అసలు పని.

రిటైర్డ్_హెచ్‌ఎం:
ఒక హెచ్చరిక. ఒంటి మీద చెయ్యి వేశారని పిల్ల చెబితే స్టాఫ్‌రూంలో పంచాయితీ పెట్టొద్దు, ఇంట్లోవాళ్లను పిలిపించి తేల్చుకుందాం అనొద్దు, ఆ పని చేసింది ఇంట్లోవాడే కావచ్చు. పిల్లలపై లైంగిక నేరాలకు వర్తించే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, దాచితే 21 కింద మనకే ఆరు నెలల దాకా జైలు. స్కూలు పరువు పోతుందని ఆపేవాళ్లు ఉంటారు, వాళ్ల కోసం ఆగకండి. పిల్ల పేరు మాత్రం ఎక్కడా బయటపడకూడదు, వాట్సాప్ గ్రూపుల్లో అసలే వద్దు.