బొబ్బిలి వీణ అమ్ముతున్నాను, పది రోజుల ట్రయల్ అడుగుతున్నారు. ఒప్పుకోవచ్చా?

విజయనగరం_వదిన:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి నేర్చుకున్న వీణ అమ్మకానికి పెట్టాను. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చెప్పి చేయించింది, పనసచెక్క, ఏకాండి (అతుకుల్లేకుండా ఒకే దుంగలో తొలిచింది). అమ్మాయి డల్లాస్ వెళ్ళినప్పటి నుంచి గలీబు కప్పుకుని గోడవారన ఉంటోంది. ధర 24 వేలు. హైదరాబాద్ నుంచి ఒకావిడ అడిగారు. సంగీతం తెలిసిన మనిషేనని ఆవిడ వేసిన ప్రశ్నల్లోనే అర్థమైంది. కానీ పది రోజులు వాయించి చూస్తారట. నచ్చకపోతే రానూపోనూ పార్శిల్ ఖర్చుతో సహా మొత్తం నేను వెనక్కివ్వాలట.

మా మరిదేమో "ఉన్నది ఉన్నట్టు, వాపసు లేదు అని ఒక్క ముక్క రాసి పడెయ్ వదినా" అంటున్నాడు. వాయించి చూడకుండా వీణ కొనమనడం నాకే న్యాయంగా అనిపించట్లేదు. అలాగని ఈ మే ఎండల్లో అది వెళ్ళి తిరిగొస్తే ఏ స్థితిలో వస్తుందోనని టెన్షన్. నాకు తెలిసిన లోపాలు రెండు: కుండ (గుండ్రటి బుర్ర భాగం) వెనక చిన్న గీత, ఒక బిరడ (తీగ బిగించే పిడి) జారుతుంది. మీరైతే షరతులు ఎలా రాస్తారు?

కీబోర్డు_కుర్రాడు:
మీ మరిది గారిదే కరెక్ట్. నేను పాత కీబోర్డులు అమ్ముతుంటాను. వీడియో కాల్‌లో ప్రతి మీటా నొక్కి చూపిస్తా, ఆ తర్వాత నాకు సంబంధం లేదు. ఇంకోటి, "డబ్బు పంపుతున్నాం, పిన్ కొట్టండి" అని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి. మనకి డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు.

గోదావరి_వైణికుడు:
బాబూ, కీబోర్డుకి మీ పద్ధతి చాలు, వీణకి చాలదు. అన్నిటికంటే కింది స్థాయి తీగ అనుమంద్రం మీటితే పలుకు ఎంతసేపు నిలుస్తుందో ఫోన్ మైకు చెప్పదు. ముఖ్యంగా వాయించే సారణి తీగని పక్కకి లాగి గమకం పలికిస్తుంటే మెట్టు (తీగ కింది లోహపు కడ్డీ) కరకరమంటోందా లేదా అన్నది చేతికి తెలియాలి. ఆవిడ ట్రయల్ అడగడంలో తప్పేమీ లేదమ్మా. పది రోజులు మాత్రం ఎక్కువ. ప్రయాణం బడలిక తీరడానికి ఒక రోజు వదిలేసినా నాలుగో రోజుకి తేల్చేయొచ్చు. పార్శిల్ చేతికందిన రోజు నుంచి లెక్క పెట్టి, గడువులోగా వద్దని మెసేజ్ రాకపోతే అమ్మకం ఖాయం అని రాయండి.

అసలు పేచీ మేళం, అంటే మెట్ల అమరిక దగ్గర వస్తుంది. 24 మెట్లూ మైనంలో కూర్చున్నవే కదా. పగటి ఎండలో బస్సు డిక్కీలో ఉంటే మైనం మెత్తబడుతుంది. ఒక్క మెట్టు వెంట్రుకవాసి జరిగినా అంతరగాంధారం లాంటి స్వరం చెడుతుంది. ఆవిడ "మీ వీణ అపశ్రుతి" అంటారు, మీరు "మా ఇంట్లో బాగానే పలికింది" అంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే! అందుకే మా పిల్లలకి పాత వీణలు ఇప్పించేటప్పుడు నేను దీన్ని ముందే తేల్చేస్తాను: దారిలో మేళం కదిలితే వాపసు లేదు, మళ్ళీ కట్టించే కూలి చెరిసగం. దండి (మెట్లుండే పొడవాటి భాగం) వంగి ఉన్నా, మీరు చెప్పని పగులు కనిపించినా మొత్తం డబ్బు, రెండు వైపుల ఖర్చు మీదే. లోపమేమీ లేదు, నాదం నచ్చలేదంతే అంటే వీణ ధర ఇచ్చేయండి, పార్శిల్ ఖర్చులు ఆవిడవి. సరదాకి తెప్పించుకుని చూసేవాళ్ళు ఈ మాట దగ్గరే తప్పుకుంటారు.

ట్రయల్‌లో తీగలు మార్చకూడదు, మేళం ముట్టుకోకూడదు, ఇప్పుడున్న శ్రుతి పెంచకూడదు. మూడు శ్రుతి వీణని అయిదుకి బిగించి, తీగ తెగాక "పాత తీగలండీ" అన్నవాళ్ళని చూశాను. పంపే రోజున ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకుని, మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా సారణి మీద ఒక్కో స్వరం పలికించి వీడియో తీయండి. అవతల ఆవిడ కూడా పెట్టె విప్పగానే అదే చేయాలి. రెండు వీడియోలు పక్కపక్కన పెడితే ఏ మెట్టు జరిగిందో తెలిసిపోతుంది, వాదనే ఉండదు. బిరడకి సుద్దపొడి రాయండి, అయినా జారుతుందన్న మాట ప్రకటనలోంచి తీసేయకండి.

అన్నట్టు, కుండ మీద తెల్ల నగిషీ ప్లాస్టిక్కే కదా? నిజం దంతమైతే అమ్మడమే నేరం.

కోర్టువీధి:
గడువు రాయమన్న సలహా బంగారం. 1930 నాటి వస్తువిక్రయ చట్టం 24వ సెక్షన్ ఇలాంటి "నచ్చితేనే" అమ్మకాల గురించే. పెట్టిన గడువు దాటేదాకా వద్దనకుండా ఉంచుకుంటే సరుకు కొన్నవారిదైపోతుంది. గడువు లేకపోతే "సమంజసమైన కాలం" అంటారు, దాని మీద ఎంతైనా వాదించుకోవచ్చు. అప్పటిదాకా యజమాని మీరే, వేరే ఒప్పందం లేకపోతే నష్టభారమూ మీదే. కాబట్టి ఆవిడ ఇంట్లో ఉండగా కిందపడితే ఎవరిదో ఒక వాక్యం చేర్చండి. వాట్సాప్‌లో ఆవిడ "సరే, ఒప్పుకుంటున్నాను" అని రాస్తే చాలు, స్టాంపు పేపర్లు అక్కర్లేదు.

విజయనగరం_వదిన:
నగిషీ ప్లాస్టిక్కేనండీ. ఆవిడతో మాట్లాడాను. ఆదివారం వాళ్ళ గురువుగారికి చూపించాలని ఆరు రోజులు అడిగారు, సరేనన్నాను. ఇంట్లో దెబ్బ తగిలితే తనదే బాధ్యత అన్నారు. మేళం కూలి చెరిసగం అనగానే నవ్వి "అడుగుతారనే అనుకున్నా" అన్నారు. 20 వేలు ముందు, మిగతా 4 వేలు ఖాయమయ్యాక. వెనక్కొస్తే నేను చూసుకున్న మర్నాడే 20 వేలు తిరిగిచ్చేస్తాను. ఇక ఒక్కటే మిగిలింది. మా వీధి వడ్రంగి చెక్కపెట్టెకి 1,800 అడుగుతున్నాడు. అది ఎవరు పెట్టుకోవాలి?

గోదావరి_వైణికుడు:
మీరే పెట్టుకోండమ్మా. వీణ వెనక్కొస్తే ఆ పెట్టెలోనే, లోపల అదే దూదిపరుపుతో రావాలని మాత్రం రాయండి. తీగలు కాస్త వదులు చేసి, రాత్రి బస్సుకే వేయండి. తెల్లవారగానే ఆవిడ వెళ్ళి తీసుకోవాలి, మధ్యాహ్నం దాకా గోడౌన్‌లో ఉంచితే పగటి బస్సుకి వేసినట్టే.