జింకల వేటకి మొదటి రైఫిల్: 350 లెజెండా, 450 బుష్‌మాస్టరా?

అందరికీ నమస్కారం. మేం ఒహాయోలో ఉంటాం. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తయింది, ఈ సీజన్‌లో తెల్లతోక జింకల వేటకి మొదటిసారి వెళ్దామనుకుంటున్నాను. రైఫిల్ ఎప్పుడూ కొనలేదు.

ఇక్కడ జింకలకి రైఫిల్‌లో 308 లాంటి, మెడ దగ్గర సన్నబడే తూటాలు కుదరవు, కింద నుంచి పై దాకా తిన్నగా ఉండే కేసు (తూటా తొడుగు) ఉన్నవే వాడాలి. అందుకే అలాంటి రెండు తూటా రకాలు, 350 లెజెండ్, 450 బుష్‌మాస్టర్ మధ్య ఊగుతున్నాను. 450 దెబ్బ గట్టిదే, కానీ భుజాన్ని బాగా తంతుందట. కొత్తవాడిని కదా, తన్నుకి భయపడి ట్రిగ్గర్ దగ్గర ఉలిక్కిపడే అలవాటు పడుతుందేమోనని నా బెంగ. గురి తప్పి జింక గాయంతో పారిపోవడం నేను భరించలేను. మేం వెళ్ళే అడవి దట్టం, వంద గజాలు దాటి కాల్చే అవకాశమే తక్కువ. ఆ దూరానికి 350 చాలదా?

రైఫిళ్ళలో రూగర్ అమెరికన్ రాంచ్, సావేజ్ యాక్సిస్ చూశాను, రెండూ బోల్ట్ యాక్షన్‌వే (ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగాలి). వాడినవాళ్ళుంటే ట్రిగ్గర్ ఎలా ఉందో చెప్పండి. స్కోప్ 3-9 (మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దగా చూపేది) సరిపోతుందా, ఇంకా తక్కువదా? మిగిలిన డబ్బంతా ప్రాక్టీసు తూటాలకే పెడదామని ఉంది.