కాటా గ్లాసుకి డ్రైవర్ ఐసీ కావాలా, ఆర్డునో పిన్నులు చాలవా?

పలాస_కాటా: అందరికీ నమస్తే. నాను పలాసలో జీడిపప్పు తూచే బ్యాటరీ కాటాలు బాగుచేస్తుంటాను. బోర్డు పోయినా చాలాసార్లు గ్లాసు (అంకెలు కనపడే ఎల్సీడీ పలక) బాగానే ఉంటాది, అలాంటి నాలుగంకెల సెవెన్ సెగ్మెంట్ (అంకెకి ఏడు గీతలు) ఎల్సీడీ ఒకటుంది, 12 పిన్నులది, దాన్ని ఆర్డునో ఊనో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుకి కట్టి సొంతంగా కాటా చేద్దామని. బావమరిదేమో హెచ్‌టీ1621 అనే ఎల్సీడీ డ్రైవర్ ఐసీ కొనమంటాడు. ఊనోలో 20 పిన్నులుండగా మళ్ళీ ఐసీ ఎందుకంట? ఏటంటారు?

నాగావళి_ఈసీఈ: నేరుగా కట్టేయ్ అన్నా, ఎల్ఈడీకి ఇచ్చినట్టు 5 వోల్టులిస్తే గీత వచ్చేస్తాది.

టంకం_మాస్టారు: వస్తాది బాబూ, ఎవరు కాదన్నారు, కానీ కొన్నాళ్ళకి గ్లాసే పోతాది. లోపలున్నది లిక్విడ్ క్రిస్టల్, డీసీ అలా నిలబడితే ఎలక్ట్రాలిసిస్ మొదలై గీతలు మసకబారిపోతాయి. అందుకే ఎప్పుడూ అటూ ఇటూ తిప్పుతూ ఏసీ ఇవ్వాలి, సెకనుకి 30 నుంచి 100 సార్లు, సగటు డీసీ మిగలకూడదు. నాలుగంకెల గ్లాసుకి 33 పిన్నులుంటే అది స్టాటిక్, అంటే గీతకో పిన్ను, అన్నిటికీ కలిపి ఒకటే కామన్. కామన్‌కి స్క్వేర్ వేవ్ ఇచ్చి, కావాల్సిన గీతకి దానికి తిరగేసిన వేవ్, వద్దనుకున్న గీతకి అదే వేవ్ ఇస్తే చాలు, ఎక్సార్ గేట్లతోనే (వేవ్‌ని కావాలంటే తిరగేసే లాజిక్ గేట్లు) అయిపోతాది, పాత 4543 చిప్పు చేసేదీ ఇదే. పలాస అన్నది 12 పిన్నులు, అంటే 4 కామన్లు, 8 సెగ్మెంట్ పిన్నులు, నాలుగెనిమిదులు 32. ఇది మల్టీప్లెక్స్, అంటే కామన్లని వంతులవారీగా నడపాలి, ఇక్కడ 0, 5 రెండు వోల్టేజీలు చాలవు, మధ్య మెట్లు కావాలి. నా ఓటు బావమరిదికే.

బొబ్బిలి_రెసిస్టర్: మాస్టారూ, మధ్య మెట్టుకి ఐసీయే కావాలేటి? ఒక్కో కామన్‌కి రెండు సమానమైన రెసిస్టర్లు పెట్టి, ఒకటి పైకి ఒకటి కిందకి, పిన్ను ఇన్‌పుట్‌గా మారిస్తే సగం వోల్టేజీ దానంతటదే వస్తాది. మొత్తం 8 రెసిస్టర్లు, చిల్లర డబ్బులు. పైగా ఇలా చేస్తేనే లోపలేం జరుగుతుందో తెలుస్తాది, లైబ్రరీ పెట్టేసి నాలుగు లైన్లు కాపీ కొడితే ఏం వచ్చినట్టు?

టంకం_మాస్టారు: నేర్చుకోడానికైతే నీ దారి మంచిదే, ఆ మాట కాదనను. కాటాకి మాత్రం వద్దు. 4 కామన్ల గ్లాసులు ఎక్కువగా 1/3 బయాస్‌కి (మెట్టుకి మూడో వంతు వోల్టేజీ) తయారవుతాయి, అందులో వెలిగే గీతకీ వెలగని గీతకీ ఆర్‌ఎంఎస్ వోల్టేజీ (సగటు బలం లాంటిది) నిష్పత్తి 1.73. నీ సగం వోల్టేజీ పద్ధతిలో అది 1.53కి పడిపోతాది. పలాస ఎండలో గ్లాసు వేడెక్కిందంటే త్రెషోల్డ్ (గీత కనపడటం మొదలయ్యే వోల్టేజీ) ఇంకా దిగి, 1 ఉండాల్సిన చోట 8 నీడలా కనపడతాది, జీడిపప్పు రేటుకి ఆ తేడా ఎవడు కడతాడు? పైగా 3 వోల్టుల గ్లాసైతే ఊనో 5 వోల్టులకి గీతలన్నీ నల్లగా తేలిపోతాయి. ఐసీకి వీఎల్సీడీ (గ్లాసుకిచ్చే వోల్టేజీ) పిన్ను దగ్గర చిన్న రెసిస్టర్ సర్దుకుంటే కాంట్రాస్ట్ దారిలోకి వస్తాది.

ఇంకోటి, ప్రోగ్రామ్ హ్యాంగైతే పిన్నులు ఎక్కడివక్కడ ఆగిపోతాయి, గ్లాసు మీద డీసీ పడి ఉంటాది. హెచ్‌టీ1621కి సొంత ఆసిలేటరు (వేవ్ పుట్టించేది) ఉంది, చివరి అంకె పట్టుకుని తిప్పుతూనే ఉంటాది.

బొబ్బిలి_రెసిస్టర్: హ్యాంగుకి వాచ్‌డాగ్ (ప్రోగ్రామ్ ఆగిపోతే రీసెట్ చేసే టైమర్) పెడతాం. నీడల సంగతి ఒప్పుకున్నాను, వోల్టేజీ తగ్గించి చూడాలి.

టంకం_మాస్టారు: బ్యాటరీ మాటేటి మరి? 60 హెర్ట్జ్‌కి, 4 కామన్లు, రెండు దిశలు, అంటే ఆర్డునో సెకనుకి 480 సార్లు నిద్ర లేవాలి. ఐసీ ఉంటే అంకె మారినప్పుడు లేస్తే చాలు.

నాగావళి_ఈసీఈ: ఇదంతా ఎందుకు, టీఎం1637 ఎల్ఈడీ మాడ్యూల్ పెట్టేస్తే పోలా?

పలాస_కాటా: మా కాటాలు ఆరుబయట ఎండలో ఉంటాయి తమ్ముడూ, ఎల్ఈడీ అక్కడ కనపడదు, బ్యాటరీ కూడా తాగేస్తాది. సరే ఐసీయే తెస్తాను. కానీ ఈ 12లో కామన్లేవో ఎలా తెలుస్తాది? గ్లాసు మీద ఏ రాతా లేదు.

బొబ్బిలి_రెసిస్టర్: ఆర్డునోలో రెండు పిన్నుల్నించి ఒకదానికొకటి తిరగేసిన స్క్వేర్ వేవ్ తీసి, 3 వోల్టులకి దించి, గ్లాసు పిన్నులు రెండేసి తాకించు. కామన్‌కీ సెగ్మెంట్‌కీ మధ్య పడితే ఒక్క గీత గట్టిగా వస్తాది. రెండూ ఒకే రకం పిన్నులైతే మసకగా చాలా గీతలు కలిసి రావచ్చు, అవి వదిలెయ్. కాగితం మీద 12 గళ్ళ పట్టీ గీసుకుని నింపుకుంటూ పో.

ఐసీ తెచ్చినా ఓసారి నా రెసిస్టర్లతో కూడా కట్టి చూడు, ఎండలో ఫొటో పెట్టు, అప్పుడు మాట్లాడతాను మాస్టారితో.