ఇంట్లో హుషారు, ట్రైనింగ్ అనగానే బిగుసుకుపోతోంది. మొండితనమా?

బెల్లందూరు_బాబు:
అందరికీ నమస్తే. రెండు నెలల కిందట ఒక ఇండీ (మన నాటు జాతి) ఆడకుక్కను దత్తత తెచ్చుకున్నాం, రెండేళ్లుంటాయన్నారు, పేరు మల్లి. మా అమ్మ పెరుగన్నం కలుపుతుంటే వంటింటి గడప దగ్గర కాపలా కాస్తుంది, అంత తిండిపోతు. అదే అపార్ట్‌మెంట్ కిందికి తీసుకెళ్లి "సిట్" అన్నానంటే చెవులు వెనక్కి, తోక కాళ్ల మధ్యకి, బిస్కెట్ చూపించినా మొహం తిప్పేసుకుంటుంది. క్లాసులో చేర్పిస్తే ట్రైనర్ గట్టిగా "నో" అంటూ బెల్టు లాగాడు, బల్లిలా నేలకి అతుక్కుపోయింది. మానిపించేశాం. మొండిదట, మేం అలుసిచ్చామట. నిజమేనా?

కుక్కలమ్మ:
మొండితనం కాదు బాబూ, భయం. అంత తిండిపోతు బిస్కెట్ వద్దంటోందంటే టెన్షన్‌లో ముద్ద దిగట్లేదన్నమాట. ఆ బిస్కెట్టే మీకు కొలత: తినకపోతే ఆ చోటు దానికి ఎక్కువైంది, అక్కడ ఏమీ నేర్పకండి. ఊరికే పెదాలు నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం కనిపిస్తే ఇబ్బంది పడుతోందని అప్పుడే గ్రహించి ఆపేయొచ్చు, తోక ముడిచేదాకా ఆగక్కర్లేదు.

కొన్నాళ్లు హాల్లోనే చేయండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి తగలకుండా ఉడికించిన చికెన్, గోరంత ముక్కలు. మీదకి వంగి చెప్పకండి, పక్కకి తిరిగి కింద కూర్చోండి. అసలు "సిట్" అన్న మాటే మర్చిపోండి, ఆ మాట వింటే దానికి బెల్టు లాగుడే గుర్తొస్తుంది. తనంతట తాను కూర్చున్నప్పుడల్లా మెల్లగా "భేష్" అని ఒక ముక్క. కూర్చుంటే ముక్క వస్తుందని దానికి తెలిశాక "కూర్చో" అని కొత్త మాట చేర్చండి. రెండు మూడు నిమిషాలు చాలు, ఇంకా కావాలని చూస్తుండగానే ఆపేయాలి. మా వాడితో నేను అరగంట కూర్చునేదాన్ని, వాడు సోఫా కింద దూరేవాడు, తప్పు నాదే.

జయనగర్_రావు:
పైన చెప్పిందంతా సరే, ముందు ఒకసారి డాక్టర్‌కి చూపించండి. మా కుక్క కూర్చోనంటే నెల రోజులు బతిమాలాం, తీరా ఎక్స్‌రే తీస్తే తుంటికి పాత దెబ్బ. రోడ్డు మీద పెరిగిన కుక్క, ఏ బండి తగిలిందో ఎవరికి తెలుసు.

వేళచ్చేరి_వాసి:
మాది చెన్నై. మా పిల్లకి బయట చికెన్ కూడా పనిచేయలేదు, వాసన చూడనివ్వడమే బహుమానం. నాలుగడుగులు నాతో నడిస్తే "పో, చూసుకో" అని ఆ చెట్టు దగ్గర వదిలేదాన్ని, అదెంతసేపు చూస్తే అంతసేపు. మెడ బెల్టు తీసేసి హార్నెస్ (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీ) వేయండి. ఇంకోటి, భయపడ్డప్పుడు దగ్గరికి తీసుకుంటే భయం పెరుగుతుందని ఎవరో ఒకరు చెబుతారు, పట్టించుకోకండి. ఒళ్లోకి వస్తే రానివ్వండి.

బెల్లందూరు_బాబు:
మూడు వారాలైంది. డాక్టర్ చూశారు, నొప్పులేం లేవన్నారు. హాల్లో ఇప్పుడు బాగా చేస్తోంది, కుక్కర్ విజిల్ వస్తే మాత్రం ఆ పూటకి సెలవు. కింద ఇంకా భయమే, ఊరికే వాసన చూపించి తెచ్చేస్తున్నాం. నిన్న లిఫ్ట్ కోసం నిలబడితే నేనేమీ అనకుండానే కూర్చుని నా జేబు వంక చూసింది. జేబులో ఏమీ లేదు. లిఫ్ట్ వదిలేసి, మెట్లెక్కి ఇంటికెళ్లి ఫ్రిజ్ తెరిచాను.