హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది, అన్నం పూర్తిగా మానేయాలా?

అడిగినవారు: అందరికీ నమస్తే అండి. నాకు 38, ఉండేది హైదరాబాద్, పొద్దస్తమానం కంప్యూటర్ ముందే పని. ఆఫీసులో చెకప్ చేస్తే ఫాస్టింగ్ (పరగడుపు షుగర్) 112, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) 6.1 వచ్చింది. షుగర్ ఇంకా రాలేదు, ప్రీడయాబెటిస్ అన్నారు డాక్టర్ గారు, మందులేం రాయలేదు, తిండి మార్చుకుని నడవమన్నారు, మూడు నెలలాగి మళ్ళీ రమ్మన్నారు, అంతే. మా నాన్నకి 45కే షుగర్ వచ్చి కాలికి పుండు పడి ఎంత అవస్థ పడ్డారో దగ్గరుండి చూశాను కాబట్టి నాకు నిజంగా భయంగా ఉంది. అన్నం ఆపేసి కొర్రలకి మారిపోదాం అనుకుంటున్నా, అమ్మేమో అన్నం మానేస్తే నీరసమొస్తుందిరా అంటోంది. ఏం చేయాలి?

గుంటూరు వాసి: బ్రదర్, రెండేళ్ళ కింద నాకు 6.3, ఇప్పుడు 5.6, అన్నం మానలేదు. ముందు మీ కంచం చూసుకోండి. నేను పప్పులోకి కొంత, పులుసులోకి కొంత, చివర పెరుగులోకి ఇంకొంత పెట్టుకునేవాణ్ణి, కూరేమో నంజుకోడానికి రెండు గరిటెలు. ఇప్పుడు ముందు బీరకాయో దొండకాయో ఒక పెద్ద కప్పు కూర వట్టిదే తినేస్తా, తర్వాత గట్టి పప్పు, ఆ తర్వాతే చిన్న కప్పు అన్నం, అందులో నాలుగు ముద్దలు పెరుగుకి దాచుకుంటా. మొదటి పది రోజులు వెలితిగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

డైటీషియన్, విజయవాడ: పై ఆయన చెప్పింది సరైన దారండి. ఫాస్టింగ్ 100 నుంచి 125, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 ఉంటే ప్రీడయాబెటిస్, అంటే మీ చేతిలో ఇంకా టైముంది. కొర్రలు మంచివే, పీచు ఎక్కువ, కానీ అవీ పిండిపదార్థమే కదా, మంచివని కంచం నిండా పెట్టుకుంటే లాభం లేదు. రాగులు ఆరోగ్యమని రోజూ పొద్దున జావ తాగేవాళ్ళు నా దగ్గరికి చాలామంది వస్తారు, మెత్తటి పిండిని కాచి తాగితే అది త్వరగా అరిగి షుగర్ గబుక్కున ఎక్కుతుంది. దాని బదులు పెసరట్టు తినండి. మీ హైదరాబాద్ తార్నాకలో ఉన్న ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ళు 2024లో ఇచ్చిన కొత్త గైడ్‌లైన్స్‌లో కూడా కూరగాయలు, ఆకుకూరలు, పళ్ళకే ఎక్కువ చోటు ఇచ్చారు. బరువు ఎక్కువుంటే 5 నుంచి 7 శాతం తగ్గినా చాలా తేడా వస్తుంది. నడుము చుట్టుకొలత టేపుతో చూసుకోండి, మన మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు దాటకూడదు.

రోజూ నడిచేవాణ్ణి: తిండి గురించి వాళ్ళు చెప్పేశారు, నేను నడక గురించి చెప్తా. జిమ్ కుదరకపోతే వదిలేయండి, రాత్రి తిన్న వెంటనే సోఫాలో కూర్చోకుండా పావుగంట నడవండి, అప్పుడే ఒంట్లోకి వచ్చిన గ్లూకోజ్‌ని కండరాలు వాడేసుకుంటాయి. నేను వానాకాలం కూడా అపార్ట్‌మెంట్ సెల్లార్లో రౌండ్లు కొడతా, కార్ల మధ్యలోనే. వారానికి మొత్తం 150 నిమిషాలు చురుగ్గా నడవాలి, అంటే మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత స్పీడు. దాంతోపాటు వారంలో రెండు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి, మూడు విడతలు. తొడలు పెద్ద కండరాలు, వాటికి పని పెడితే షుగర్‌కి చాలా మంచిది.

అడిగినవారు: చాలా థాంక్స్ అండి అందరికీ, మనసు తేలికైంది. రాత్రి అమ్మకి చెప్పా, ముందు కూర వడ్డించు అన్నం తర్వాత అని, అలాగే పెట్టింది, తను కూడా అలాగే తింది. తనకి 61, ఇంతవరకు ఒక్కసారి కూడా షుగర్ టెస్ట్ చేయించలేదు.

డైటీషియన్, విజయవాడ: ఈ వారంలోనే చేయించండి. ఫాస్టింగ్‌కి రాత్రి తిన్నాక కనీసం 8 గంటలు మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోకూడదు, పొద్దున కాఫీ కూడా వద్దు. హిమోగ్లోబిన్ కూడా చూపించండి, రక్తం తక్కువుంటే హెచ్‌బీఏ1సీ సరిగ్గా రాదు.