భీముడి ప్లీహం మీద గడ్డ: 12 ఏళ్లవాణ్ణి ఆపరేషన్ బల్ల ఎక్కించాలా?

భీముడి అక్క:

భీముడు మా కుక్క. పిల్లగా ఉన్నప్పుడు తన గిన్నె ఖాళీ చేసి తోబుట్టువుల గిన్నెల్లో తల దూర్చేవాడని భీముడని పేరు పెట్టాం. అలాంటివాడు పోయిన వారం వరసగా రెండు పూటలు గిన్నె వాసన చూసి, తల తిప్పుకుని వెళ్లి పడుకున్నాడు. పన్నెండేళ్లు వచ్చాయి, పళ్లు నొప్పేమోననుకుని తీసుకెళ్లాను. డాక్టరుగారు నోరు చూశారు, ఏం లేదన్నారు. తర్వాత పొట్ట తడుముతూ తడుముతూ ఒకచోట చెయ్యి ఆపారు. అక్కడే నా గుండె జారిపోయింది.

అల్ట్రాసౌండ్‌లో ప్లీహం (రక్తాన్ని వడకట్టే అవయవం, స్ప్లీన్) మీద నిమ్మకాయంత గడ్డ, 5 సెంటీమీటర్లు. క్యాన్సర్ కావచ్చు, ఉత్త రక్తపు గడ్డ కావచ్చు, స్కాన్‌లో రెండూ ఒకలాగే కనిపిస్తాయట. సూదితో కాస్త తీసి చూడొచ్చు కదా అన్నాను. ఇలాంటి గడ్డల్లోంచి సూదికి ఎక్కువగా రక్తమే వస్తుంది, ఏదీ తేలదు, పైగా లోపల రక్తం కారే ప్రమాదముంది అన్నారు. ప్లీహం మొత్తం తీసేసి పరీక్షకు పంపితేనే తెలుస్తుందట. చెడ్డదైతే దాని పేరేమిటో ఓ చీటీ మీద రాసిచ్చారు: హీమాంజియోసార్కోమా, రక్తనాళాల క్యాన్సర్. ఆ చీటీ పర్సులో పెట్టుకుని ఇప్పటికి ఇరవైసార్లు తీసి చదివాను. అక్షరాలు మారతాయని కాబోలు.

ఈ వయసులో వాణ్ణి కోయించడమేంటని నాన్న. రేపే చేయించేద్దామని తమ్ముడు. అమ్మ ఏమీ అనదు, వాడి పక్కన కింద కూర్చుని చెవులు నిమురుతూ ఉంటుంది. నాకేమో రాత్రి వాడి గురక ఆగితే మెలకువ వచ్చేస్తోంది. వాడు మాత్రం నిన్న పొద్దున నా చెప్పు నోట కరుచుకుని మంచం కింద దూరాడు, కుర్రకుంకలా. ఇలా ఉన్నవాణ్ణి బల్ల ఎక్కించి, అక్కడే పోతే? ఎక్కించకుండా ఉండి, అది లోపల పగిలితే? ఈ దశ దాటినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

తెల్లమూతి:

అమ్మా, నేను దాటాను. మా గోధుమరంగు వాడికి అప్పుడు పదేళ్లు. మీకు దొరికినట్టు మాకు ముందే దొరకలేదు. సాయంత్రం నడకలో నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలబడ్డాడు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సున్నం కొట్టినట్టు ఉన్నాయి. గడ్డ చిట్లి పొట్టలోకి రక్తం కారింది. ఆ రాత్రే ఆపరేషన్. ఆలోచించుకునే వ్యవధి మాకు లేదు, మీకుంది. అది ఇప్పుడు మీకు అదృష్టంలా అనిపించదని తెలుసు.

డాక్టర్లు ఒక మోటు లెక్క చెబుతారు. ప్లీహం గడ్డల్లో మూడింట రెండు వంతులు చెడ్డవి, ఆ చెడ్డవాటిలో మళ్లీ మూడింట రెండు వంతులు ఈ హీమాంజియోసార్కోమా అని. అయితే మావాడిలా రక్తం కారి వచ్చినవాటినీ, మీవాడిలా చిట్లకముందే కనబడినవాటినీ ఒకే గాటన కట్టకూడదు. రెండోరకంలో మామూలు గడ్డ అయ్యే అవకాశం ఎక్కువ. కాబట్టి మొదట అడగాల్సింది పొట్టలో ద్రవం ఏమైనా కనిపించిందా అని. తర్వాత ఛాతీకి ఎక్స్‌రే, ఒకటి కాదు, మూడు వైపుల నుంచి. ఈ జబ్బు ఊపిరితిత్తులకీ కాలేయానికీ పాకుతుంది. గుండె కుడి గదిలో కూడా ఉండొచ్చు, అందుకే గుండె స్కాన్ కూడా అడగండి. అక్కడెక్కడైనా కనిపిస్తే కోయించాలా వద్దా అన్న ప్రశ్నే మారిపోతుంది. ఏమీ కనిపించకపోతే వయసొక్కటే చూసి ఆగకండి. మత్తు తట్టుకుంటాడా లేదా చెప్పేది పుట్టిన సంవత్సరం కాదు, గుండె, కిడ్నీలు, రక్తపరీక్షలు. ప్లీహం లేకుండా కుక్కలు బాగానే బతుకుతాయి.

మావాడిది చెడ్డదే అయింది. ఆపరేషన్ ఒక్కటే చేయిస్తే సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు, డాక్సోరూబిసిన్ అనే కీమో మందు కూడా ఇస్తే నాలుగు నుంచి ఆరు నెలలు అన్నారు. మేం కీమోకి వెళ్లలేదు. వాడికి ఆసుపత్రి గుమ్మం చూస్తేనే వణుకు, మూడు వారాలకోసారి ఈడ్చుకెళ్లడం నాకు మనసొప్పలేదు. నిజానికి కుక్కలకిచ్చే కీమో మనుషుల దాని అంత మోతాదులో ఉండదు, చాలావాటికి జుట్టు కూడా రాలదు. అది నాకు తర్వాత తెలిసింది. ఆపరేషన్ తర్వాత 11 వారాలున్నాడు. అందులో తొమ్మిది వారాలు పూర్తిగా కుక్కలాగే ఉన్నాడు, పిల్లుల్ని తరిమాడు, నా మీద అలిగాడు. చివరి రెండు వారాల గురించి ఇక్కడ రాయను.

ఈలోగా రోజూ పొద్దున చిగురు చూడండి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. చిగుళ్లు పాలిపోయినా, ఒక్కసారిగా నీరసపడినా, పొట్ట ఉబ్బినా తెల్లారేదాకా ఆగొద్దు. అర్ధరాత్రి తెరిచి ఉండే ఆసుపత్రి ఎక్కడుందో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి. నొప్పిగా ఉన్నాడనిపించి మనం వేసుకునే పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రం వేయకండి, కుక్కలకి అవి విషం.

ముసల్దాని కాపలా:

నేను వేరే దారిలో వెళ్లాను, అదీ చెప్పాలిగా. మా ముసల్దానికి పద్నాలుగు, కిడ్నీలు అప్పటికే సగం. కోయించలేదు. అందుకు తిట్టినవాళ్లున్నారు. తిట్టనీయండి.

అలిస్ విల్లాలోబోస్ అని ఒక పశు క్యాన్సర్ వైద్యురాలు తయారుచేసిన పట్టిక ఒకటుంది: నొప్పి, ఆకలి, నీళ్లు, శుభ్రత, హుషారు, నడక, చెడ్డరోజులకంటే మంచిరోజులు ఎక్కువున్నాయా లేదా. ఒక్కోదానికి పదికి మార్కులు, మొత్తం 35 దాటితే ఇంకా బాగానే గడుస్తున్నట్టు. నాకు ఆ మార్కులు వేయడం చేతకాలేదు. రోజూ సాయంత్రం ఆరు మార్కులు వేస్తే రాత్రికి వాటిని తొమ్మిది చేసేదాన్ని, ప్రేమకొద్దీ. చివరికి క్యాలెండర్ మీద మంచిరోజైతే చుక్క, కాకపోతే ఖాళీ. ఖాళీలు వరసగా నాలుగొచ్చాక నేనెవర్నీ అడగలేదు.

మీ అమ్మగారిని కూడా అడగండి. ఏమీ అననివాళ్లే వాణ్ణి ఎక్కువ చూస్తుంటారు.

కుంటికాలు:

మావాడిది రక్తపు గడ్డే అని తేలింది, తీయించాక మూడేళ్లు బతికాడు. మీకు ఆశ పెట్టాలని చెప్పడం లేదు. రిపోర్టు వచ్చేదాకా ఎనిమిది రోజులు నేను మనిషిని కాదు, వాడేమో మూడోరోజుకే కుట్లు నాకబోయి మెడకి గరాటా తొడిగించుకున్నాడు.

భీముడి అక్క:

అందరికీ దండాలు. పొట్టలో ద్రవం లేదట. మూడు ఎక్స్‌రేలూ తీశారు, ఊపిరితిత్తులు శుభ్రం. గుండె స్కాన్ కూడా అయింది, అక్కడా ఏమీ లేదు. గురువారం ఆపరేషన్ అని రాయించుకొచ్చాను. లోపల తెరిచాక కాలేయం నిండా ఉంటే మత్తులోంచి మళ్లీ లేపాలా వద్దా అని ముందే అడిగి పెట్టుకుంటారట. ఆ కాగితం మీద సంతకం చేసే వంతు నాన్న తీసుకున్నారు, కోయించొద్దన్న నాన్నే.

ముసల్దాని కాపలాగారూ, అమ్మనడిగాను. "వాడు పడుకునే తీరు మారి నెలయింది, ఎడమవైపు పడుకోవట్లేదు" అంది. నెల నుంచీ తెలిసి ఎవరికీ చెప్పలేదు. మీ మాట నిజం.

చిగుళ్లు ఈ పొద్దున గులాబీరంగులోనే ఉన్నాయి. నిద్రలో ఊపిరి నిమిషానికి ముప్ఫై దాటకూడదని డాక్టరుగారు చెప్పారు, పక్కన పడుకుని లెక్కపెట్టాను. పద్దెనిమిది దగ్గర ఉండగా లేచి నా మొహం నాకాడు.