చెన్నై ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద సైకిల్ తొక్కడానికి ఏ హెల్మెట్ తీసుకోవాలి?

నెల్లూరు నుంచి తిరువాన్మియూర్

నమస్తే అండీ. శని, ఆదివారాలు తెల్లవారుజామున ఈసీఆర్ మీద ముట్టుకాడు దాకా, ఓపికుంటే మహాబలిపురం దాకా రోడ్డు సైకిల్ తొక్కుతాను. పాత హెల్మెట్ పట్టీలు వదులైపోయాయి, కొత్తది కొనాలి. తల చుట్టుకొలత 58 సెంటీమీటర్లు. షాపులో ఒకటి పెట్టి చూస్తే నుదుటి మీదా, వెనకా నొక్కుతోంది, చెవుల పైన మాత్రం వేలు దూరేంత ఖాళీ. ఇంకోటి చక్కగా కూర్చుంది గానీ రంధ్రాలు తక్కువ. ఇక్కడ ఏడు కాకముందే చెమట కళ్లలోకి కారుతుంది కదా! మిప్స్ (లోపల జారే పొర) ఉన్నదానికి ధర బాగా ఎక్కువ చెబుతున్నారు. ఐఎస్‌ఐ మార్కు చూసుకుంటే చాలదా?

అడయారు రైడర్

తమ్ముడూ, మొదటిది వదిలెయ్. నీ తల పొడుగు, ఆ హెల్మెట్ గుండ్రం. పెద్ద సైజుకి వెళ్తే పక్కల ఇంకా వదులవుతుంది. హెల్మెట్ వెనకుండే బిగింపు చక్రం తిప్పి బిగించినా ఆకారం మారదు.

రెండోదాన్ని ఇలా చూడు. బకిల్ పెట్టకుండా చక్రం బిగించి, తల వంచి ఊపు. జారకూడదు. ముందు అంచు కనుబొమలకి రెండు వేళ్ల పైన ఉండాలి. పట్టీలు రెండూ చెవి తమ్మె కిందే కలవాలి. బకిల్ పెట్టి నోరు బాగా తెరిస్తే హెల్మెట్ నడినెత్తి మీద నొక్కినట్టు తెలియాలి. అద్దం ముందు పది నిమిషాలు అలాగే ఉంచుకో, షాపువాళ్లు ఏమీ అనరు. నొప్పి పుట్టే చోటు అప్పుడే బయటపడుతుంది.

గాలికి రంధ్రాల లెక్క చూడకు. తిరగేసి లోపల చూడు: ముందు రంధ్రాల నుంచి వెనక రంధ్రాల దాకా లోపలి నురుగు(ఫోమ్)లో లోతైన గాడులున్నాయా? వచ్చిన గాలి వెనక నుంచి పోకపోతే ఎన్ని రంధ్రాలున్నా దండగే. నుదుటి ప్యాడ్ ఊడదీసి ఉతుక్కునేదై ఉండాలి. చెన్నైలో ఇది తప్పనిసరి.

ఇక మార్కు. హెల్మెట్ల ఐఎస్‌ఐ మార్కు వెనకున్న ఐఎస్ 4151 ప్రమాణం మోటారు ద్విచక్రవాహనాల హెల్మెట్లది. సైకిల్‌కి యూరప్ వాళ్ల ప్రమాణం ఈఎన్ 1078 గానీ, అమెరికా వాళ్ల ప్రమాణం సీపీఎస్‌సీ గానీ లోపలి స్టిక్కర్ మీద ఉండాలి. సీపీఎస్‌సీ పరీక్షలో చదును ఇనుము మీద 2 మీటర్ల ఎత్తు నుంచి వదులుతారు, ఈఎన్‌లో దాదాపు మీటరున్నర. రెండూ తిన్నగా తగిలే దెబ్బనే కొలుస్తాయి. మనం పడేది మాత్రం ఏటవాలుగా, తల గిర్రున తిరుగుతూ. మిప్స్ పొర అప్పుడు 10 నుంచి 15 మిల్లీమీటర్లు జారి ఆ తిప్పుడుని కొంత తగ్గిస్తుంది. డబ్బుంటే తీసుకో. కానీ తలకి కుదరని మిప్స్ కన్నా కుదిరిన మామూలుదే నా ఓటు. అమెరికాలోని వర్జీనియా టెక్ యూనివర్సిటీ వాళ్లు తిప్పుడుని కూడా కొలిచి నక్షత్రాలిస్తారు, కొనేముందు ఆ జాబితా చూడు. తక్కువ ధరవి కూడా పైన ఉంటాయి.

వేళచ్చేరి అక్క

జడ వేసుకునేవాళ్లు జడతోనే కొలుచుకోండి. వెనక చక్రానికీ అంచుకీ మధ్య జడ పట్టే సందు ఉండాలి, లేకపోతే హెల్మెట్ ముందుకి తోసుకొచ్చి కళ్ల మీద పడుతుంది. తలకి నూనె రాసుకుంటే ప్యాడ్లు త్వరగా జిడ్డుపడతాయి. సబ్బునీళ్లు చాలు. పెట్రోలు, థిన్నర్ అసలు తగలనివ్వద్దు, నురుగు కరిగిపోతుంది.

నెల్లూరు నుంచి తిరువాన్మియూర్

థాంక్స్ అన్నా, అక్కా. రెండోదాన్ని తిరగేసి చూడనే లేదు, శనివారం వెళ్తాను. ఇంకొక్కటి: రైడ్ అయ్యాక హెల్మెట్ కారు డిక్కీలో పడేస్తుంటాను, ఫరవాలేదా?

అడయారు రైడర్

మే నెల ఎండలో మూసిన కారులో వద్దు. వేడికి నురుగూ, పైపెంకు అతుకూ పాడవుతాయి. ఇంట్లో ఫ్యాన్ కింద ఆరబెట్టు. ఒకసారి గట్టిగా పడ్డావంటే పైకి గీత కూడా కనిపించకపోయినా మార్చెయ్, లోపల నలిగిన నురుగు మళ్లీ లేవదు.